వెబ్‌సైటు ప్రచురణ: తొలి ప్రయత్నం, కొన్ని పాఠాలు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి)

ఒకప్పుడు అణుయుగమన్నారు, ఆ తరువాత అంతరిక్ష యుగమన్నారు, ఇప్పుడు మనమంతా సమాచార యుగమంటున్నాము. పేరు ఏదయితేనేమి, ఫోను లేని విద్యార్థి మన కళాశాలలో వెదికినా దొరకడు. రోజుకు పదుల కొద్దీ వెబ్ పేజీలు చూస్తాము. చూసేవారిలో ఒక్క పేజీనయినా సొంతంగా రాసి లోకం ముందు పెట్టినవారు ఎందరు? అన్నం తినే వారందరికీ నారు పోయడం రాదు గదా!

నేను మెట్ట సేద్యం చేసే కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. మాది చెనిక్కాయ పండే ఊరు. కంప్యూటరును మొట్టమొదట దగ్గరగా చూసింది ఇంటర్మీడియట్‌లో. అటువంటి నేను గత సంవత్సరం ఒక చిన్న వెబ్‌సైటు తయారుచేసి సర్వరుకు ఎక్కించినాను. ఆ పనిలో నేర్చుకున్నవీ, చేసిన తప్పులూ తోటి విద్యార్థులకు పనికివస్తాయని ఈ వ్యాసం రాస్తున్నాను. తెలిసిన పెద్దలు మన్నింతురు గాక.

ఎందుకు మొదలుపెట్టినానంటే

మా నాయన దగ్గర ఒక పాత డైరీ ఉంది, ఎరువుల కొట్టువాళ్ళు ఎప్పుడో ఇచ్చినది. మా ఊళ్ళో బోరు బండి వచ్చిన ప్రతిసారీ ఆయన అందులో నాలుగు ముక్కలు రాసిపెడతాడు: ఎవరి చేను, ఎన్ని అడుగులు, ఎన్ని ఇంచుల నీళ్ళు, ఎన్నేండ్లు పారింది. నలభై పైచిలుకు బోర్ల లెక్క అది. సగానికి పైగా ఎండిపోయినవే. అందులో రెండు మావి.

మా ప్రాంతంలో బోరు వేయడమంటే అప్పు చేయడమే. టెంకాయ చేతిలో పెట్టుకొని పాయింటు చూపే ఆయన మాట మీద లక్షలు భూమిలో పోస్తారు. పక్క చేనులో ఏ లోతున ఏమి పడిందో తెలిస్తే మనిషి ఒకసారి ఆగి ఆలోచిస్తాడు గదా అనిపించింది. డైరీ మా ఇంటి గూట్లో ఉంటే ఎవరికి ఉపయోగం? ఊరి వాళ్ళందరి చేతుల్లో ఫోన్లున్నాయి. కాబట్టి ఆ లెక్కను వెబ్ పేజీగా పెడదామనుకున్నాను.

వెబ్‌సైటు అంటే ఏమిటి?

వెబ్‌సైటు అంటే ఏదో మాయ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కొన్ని ఫైళ్ళున్న ఒక సంచి మాత్రమే. ఆ సంచి ఎప్పుడూ ఆగకుండా నడిచే ఒక కంప్యూటరులో ఉంటుంది. అడిగిన వారికి అడిగిన ఫైలు ఇవ్వడమే దాని పని. ఆ పని చేసే కంప్యూటరునూ, అందులోని ప్రోగ్రామునూ రెండింటినీ సర్వరు అనే పిలుస్తారు. 1995లో వచ్చిన అపాచీ, 2004లో వచ్చిన ఎన్‌జిన్‌ఎక్స్ అటువంటి ప్రోగ్రాములలో ప్రసిద్ధమైనవి.

ఈ పద్ధతికి ఆద్యుడు టిమ్ బర్నర్స్-లీ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో 1989 మార్చిలో ఆయన తన ప్రతిపాదన పెట్టినాడు. 1990 చివరికల్లా మొదటి సర్వరు నెక్స్ట్ అనే కంప్యూటరు మీద నడిచింది. ఎవరైనా పొరపాటున ఆపుతారేమోనని, 'ఇది సర్వరు, దీన్ని ఆపవద్దు' అనే అర్థం వచ్చేలా ఎర్ర సిరాతో రాసిన చీటీ ఆ పెట్టెకు అంటించినారు. లోకంలోని మొదటి వెబ్ సర్వరు భవిష్యత్తు ఒక చీటీ మీద ఆధారపడిందన్నమాట! 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేరును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది. ఆ ఒక్క నిర్ణయమే లేకపోతే నాబోటి రైతుబిడ్డకు ఈ విద్య ఇంత సులభంగా అందేది కాదనడంలో అతిశయోక్తి లేదు. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది.

పేజీ అడిగితే జరిగేదేమి?

మనం బ్రౌజరులో ఒక పేరు కొడతాము. యంత్రాలకు పేర్లతో పనిలేదు, వాటికి అంకెలే కావాలి. పాత పద్ధతిలో ఆ చిరునామా 32 బిట్ల సంఖ్య. దాన్ని 0 నుంచి 255 వరకు ఉండే నాలుగు అంకెలుగా రాస్తారు. పేరును అంకెగా మార్చి చెప్పే ఏర్పాటును డి.ఎన్.ఎస్. అంటారు. 1983లో పాల్ మొకాపెట్రిస్ దీన్ని రూపొందించినాడు. ఊళ్ళోకి వచ్చిన కొత్త మనిషి 'ఫలానా వారి ఇల్లు ఎక్కడ?' అని రచ్చబండ దగ్గర అడిగినట్లే ఇదీ.

చిరునామా తెలియగానే బ్రౌజరు ఆ సర్వరు తలుపు తడుతుంది. సర్వరుకు అంకెలు వేసిన తలుపులు చాలా ఉంటాయి. మామూలు వెబ్ సంభాషణకు 80వ నంబరు, రహస్య లిపిలో జరిగే సంభాషణకు 443వ నంబరు. 'ఈ ఫైలు ఇమ్ము' అని బ్రౌజరు అడుగుతుంది. ఫైలు ఉంటే 200 అనే సంకేతంతో పాటు ఫైలు వస్తుంది. లేకపోతే 404. ఉన్నా చూడడానికి అనుమతి లేకపోతే 403. మనం ఏ ఫైలూ పేరుపెట్టి అడగకపోతే, సాధారణంగా సర్వరు ఆ సంచిలో 'ఇండెక్స్' అనే పేరుగల ఫైలును వెదికి ఇస్తుంది. అందుకే మొదటి పేజీకి ఆ పేరు పెట్టడం ఆచారం. ఈ 'ఇండెక్స్' సంగతి గుర్తుంచుకోవలసిందిగా మనవి. నా కథ అంతా దాని చుట్టే తిరిగింది.

పేజీ రాయడం, చోటు సంపాదించడం

పేజీ రాసే భాష హెచ్.టి.ఎం.ఎల్. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక అని గుర్తులు పెట్టడం తప్ప అందులో పెద్ద బ్రహ్మవిద్య లేదు. విండోస్‌తో వచ్చే నోట్‌ప్యాడు చాలు. నేను ఒక ఆదివారం కూర్చొని డైరీలోని లెక్కంతా పట్టికగా కొట్టినాను. ఎండిన బోరు గుంత ఒకటి, మా ఊరి చెరువు కట్ట ఒకటి ఫోటోలు జతచేసినాను.

ఇక చోటు. సొంత సర్వరు మనకు అక్కరలేదు. అద్దెకిచ్చే సంస్థలున్నాయి. 2008 నుంచి నడుస్తున్న గిట్‌హబ్ పేజెస్ వంటి ఉచిత ఏర్పాట్లూ ఉన్నాయి. నేను సర్వరు పని లోపలి నుంచి తెలుసుకోవాలని, చేతిఖర్చు మిగిల్చి సంవత్సరానికి కొంత చోటు, ఒక పేరు అద్దెకు తీసుకున్నాను. పేరు కొన్న రోజే అందరికీ కనిపించకపోతే కంగారుపడనక్కరలేదు. డి.ఎన్.ఎస్.లో పాత సమాధానాలను కొంతసేపు దాచుకొనే అలవాటుంది, ఆ గడువు తీరాలి. 443వ తలుపుకు కావలసిన ధ్రువపత్రాన్ని 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తోంది.

సర్వరుకు ఎక్కించడం

మన కంప్యూటరు నుంచి సర్వరుకు ఫైళ్ళు పంపే పాత పద్ధతి ఎఫ్.టి.పి. దీని మొదటి నిర్దేశాన్ని 1971లో రాసినది ఒక భారతీయుడు, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన అభయ్ భూషణ్. ఈ విషయం తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే పాత ఎఫ్.టి.పి.లో పాస్‌వర్డు కూడా తెరిచిన ఉత్తరం లాగానే పోతుంది, దారిలో ఎవరైనా చదవవచ్చు. 1995లో ఫిన్లాండులో టాటు యిలోనెన్ తయారుచేసిన ఎస్.ఎస్.హెచ్. అనే పద్ధతి సంభాషణనంతా రహస్య లిపిలోకి మారుస్తుంది. దాని మీద నడిచే ఎస్.ఎఫ్.టి.పి.నే వాడడం క్షేమం. దాని తలుపు నంబరు 22.

ఫైల్‌జిల్లా అనే ఉచిత ప్రోగ్రాము తెరిస్తే ఎడమవైపు మన ఫైళ్ళు, కుడివైపు సర్వరు ఫైళ్ళు కనబడతాయి. నేను తీసుకున్న సర్వరులో 'పబ్లిక్ హెచ్.టి.ఎం.ఎల్.' అనే సంచి ఉండేది. దానిలో వేసింది లోకానికి కనిపిస్తుంది, వెలుపల వేసింది కనిపించదు. ఎడమ నుంచి కుడికి లాగితే చాలు, పని అయిపోయింది. బండి మీద నుంచి మూటలు దింపినంత తేలిక!

ఫైళ్ళకు అనుమతులు కూడా చూడాలి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. యజమానికి, అతని జట్టుకు, మిగతా లోకానికి అని మూడంకెలు వస్తాయి. మామూలు ఫైలుకు 644 సరిపోతుంది: యజమాని చదివి రాయవచ్చు, మిగతావారు చదవడమే. సంచికి 755. సంచి విషయంలో 'నడపడం' అంటే లోపలికి ప్రవేశించడం. పని కాలేదని విసిగి కొందరు 777 ఇచ్చేస్తారు. అది మోటారు కొట్టానికి తాళం తీసి పెట్టి ఊరికి పోయినట్లే.

ఇంట్లో కనబడని తప్పులు

నా కంప్యూటరులో చక్కగా ఉన్న పేజీ సర్వరుకు పోయేసరికి వికారమయింది. కారణాలు నాలుగు.

మొదటిది అక్షరాలు. తెలుగు స్థానంలో గీతలున్న పరాయి గుర్తులు వరుసగా నిలబడినాయి. యూనికోడులో ప్రతి తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు ఒక సంఖ్య ఉంది. యు.టి.ఎఫ్-8 పద్ధతిలో అటువంటి ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'నీరు' అనే మాటలో న, దాని దీర్ఘపు గుడి, ర, దాని కొమ్ము వెరసి 4 సంకేతాలు, అంటే 12 బైట్లు. ఏ పద్ధతిలో రాశామో చెప్పకపోతే బ్రౌజరు ఆ పన్నెండింటినీ విడివిడిగా ఐరోపా అక్షరాలనుకొని చూపిస్తుంది. మన కంప్యూటరులోని ఫైలును తెరిచినప్పుడు కొన్ని బ్రౌజర్లు ఊహించి సరిచేస్తాయి, సర్వరు నుంచి వచ్చినప్పుడు ఆ ఊహ చేయవు. పేజీ తలభాగంలో 'యు.టి.ఎఫ్-8' అని ఒక్క పంక్తి రాయగానే తెలుగు తిరిగి వచ్చింది.

రెండవది ఫోటో దారి. ఫోటో ఎక్కడుందో చెప్పేచోట నా కంప్యూటరులోని సి-డ్రైవు దారి రాసినాను. చదివేవాడి ఫోనులో నా సి-డ్రైవు ఎక్కడ నుంచి వస్తుంది? పేజీ ఉన్న చోటు నుంచి లెక్కించే దారి రాయాలి.

మూడవది పెద్దబడి, చిన్నబడి. విండోసుకు మామూలుగా ఆంగ్లంలో పెద్ద అక్షరమూ చిన్న అక్షరమూ ఒకటే. సర్వరులలో ఎక్కువగా ఉండే లినక్సుకు అవి రెండు వేర్వేరు పేర్లు. ఫైళ్ళ పేర్లన్నీ చిన్న అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

నాలుగవది బరువు. ఫోనులో తీసిన ఫోటో 4 మెగాబైట్లు ఉంది, అంటే 32 మెగాబిట్లు. మా చేనులో సెకనుకు ఒక మెగాబిట్టు వేగం వస్తే గొప్ప. ఆ లెక్కన ఒక్క ఫోటోకే 32 సెకండ్లు. దాన్ని 150 కిలోబైట్లకు తగ్గిస్తే ఒక సెకను పైచిలుకులో వచ్చింది. ఎండలో నిలబడి చూసే రైతుకు ఈ తేడా చిన్నది కాదు.

మార్చిన తరువాత కూడా పాత పేజీయే కనబడితే తప్పు మీది కాకపోవచ్చు. బ్రౌజరు దాచుకున్న ప్రతిని చూపుతూ ఉంటుంది. కంట్రోలు, ఎఫ్5 కలిపి నొక్కాలి.

అసలు తప్పు

ఇంతవరకు చెప్పినవి చేతి తప్పులు. ఇప్పుడు చెప్పబోయేది బుద్ధి తప్పు.

అన్నీ సరిచేసి, గర్వంగా మా కంప్యూటరు సారుకు చూపించినాను. ఆయన పేజీ చదివి మెచ్చుకొని, పైన చిరునామాలో ఏదో కొంత చెరిపి మళ్ళీ కొట్టినారు. తెర మీద ఒక జాబితా వచ్చింది. "ఏమయ్యా, ఇవన్నీ నువ్వు పెట్టినవేనా?" అని అడిగినారు.

చూస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒక్కొక్క ఫోటో ఏరుకొనే ఓపిక లేక ఫోనులోని ఫోటోల సంచిని మొత్తంగా సర్వరుకు లాగిపడేసినాను. అందులో పంట అప్పు రెన్యూవలు కోసం తీసిన మా నాయన బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్ కార్డు ఫోటోలున్నాయి. పేజీలో వాటికి ఎక్కడా లింకు లేదు గనుక ఎవరికీ కనబడవని నా ధీమా. కానీ ఫోటోల సంచిలో 'ఇండెక్స్' ఫైలు లేదు. అది లేనప్పుడు, జాబితా చూపడాన్ని ఆపి ఉంచకపోతే, సర్వరు లోపలున్న ఫైళ్ళన్నిటి పేర్లూ వరసగా చూపిస్తుంది. సర్వరు తప్పేమీ లేదు, దానికి చెప్పిన పని అది చేసింది.

వెంటనే ఆ ఫోటోలు తీసేసినాము. సారు దగ్గరుండి జాబితా చూపడాన్ని ఆపించినారు. అపాచీలో అందుకు ఒక్క పంక్తి చాలు. ఆ పిమ్మట సర్వరు దినచర్య తెరిచినాము. ఏ చిరునామా నుంచి, ఏ సమయాన, ఏ ఫైలు అడిగారో, ఏ సంకేతం పోయిందో సర్వరు ప్రతిదీ రాసుకుంటుంది. పాసుపుస్తకం ఫోటోను మూడు చిరునామాలు అడిగినాయి. ఒకటి నాది, ఒకటి సారుది. మూడవది ఎవరిదో. ఎదురుగా 200 అని ఉంది, అంటే ఫైలు వారికి చేరింది. వెబ్బంతా తిరిగే ఏదో యంత్రపు ప్రోగ్రాము కావచ్చు, మనిషే కావచ్చు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫోనులో చెప్పలేక శనివారం బస్సెక్కి ఊరికి పోయినాను. నాయన చెనిక్కాయ విత్తనం వలుస్తూ అంతా విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "కల్లంలో కాయ పోసేముందు కసువు ఊడ్చుకోవాల గదరా," అన్నాడు అంతే. సోమవారం ఇద్దరం బ్యాంకుకు పోయి సంగతి చెప్పి వచ్చినాము. ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసే సౌకర్యముంది, అది వేసినాము. ఇంతవరకు ఏ నష్టమూ జరగలేదు. జరగకపోవడం నా తెలివి కాదు.

ఆ రోజే నాయన ఫోనులో నా పేజీ మొదటిసారి పూర్తిగా చూసినాడు. వేలితో పట్టిక కిందికి జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగినాడు.

"ఏమిరా, పేర్లన్నీ పెట్టినావే, వాళ్ళను అడిగినావా?"

"లేదు నాయనా. నీ డైరీలో ఉన్నవే గదా. అయినా ఎవరు చూస్తారులే."

"చూడాలనే గదా పెట్టింది?"

నా దగ్గర సమాధానం లేదు. ఎవరికెన్ని బోర్లు ఎండినాయో చెబితే ఎవరికెంత అప్పుందో చెప్పినట్లే. రేపు అప్పిచ్చేవాడు చూస్తాడు, ఆడబిడ్డకు సంబంధం వచ్చినవాడు చూస్తాడు. డైరీ గూట్లో ఉన్నప్పుడు అది మా నాయన జ్ఞాపకం. సర్వరుకు ఎక్కగానే అది పది ఇళ్ళ పరువు. ఫైలు అదే, అక్షరాలు అవే, చోటు మారింది, అంతే. ప్రచురణ అనే మాటకు అర్థం నాకు ఆనాడు తెలిసింది.

ముగింపు

ఇప్పుడు నా పట్టికలో పేర్లు లేవు. చెరువు కట్ట నుంచి ఏ దిక్కున, ఎన్ని అడుగులు, నీళ్ళా రాయా, ఎన్నేండ్లు పారింది, ఇవే ఉన్నాయి. అవి పెట్టడానికి కూడా ఆయా ఇళ్ళకు పోయి అడిగినాను. ఇద్దరు వద్దన్నారు, వాళ్ళవి తీసేసినాను.

సోదర విద్యార్థులకు నా మనవి ఒక్కటే. మీరూ ఒక పేజీ రాయండి. మీ ఊరి గుడి గురించో, మీ తాత చెప్పిన కథల గురించో, మీ ప్రయోగశాల ఫలితాల గురించో. తెలుగులో రాయండి. కానీ ఎక్కించే ముందు ఖాళీ సంచి ఒకటి కొత్తగా తెరిచి, లోకానికి చూపదలచిన ఫైళ్ళను ఒక్కొక్కటిగా చేత్తో ఏరి అందులో వేయండి. ఎక్కించిన తరువాత మీ కంప్యూటరులో కాకుండా వేరొకరి ఫోనులో చూడండి. సంచుల పేర్లు నేరుగా కొట్టి లోపల ఏమి కనబడుతుందో పరీక్షించండి. ఇతరుల సంగతి ఏదైనా ఉంటే ముందు వాళ్ళ గడప ఎక్కండి. ఆ తరువాతనే సర్వరు గడప.

పోయిన ఎండాకాలం మా చిన్నాయన బోరు బండికి అడ్వాన్సు ఇవ్వబోతూ మా పేజీ చూసినాడు. ఆయన అనుకున్న వరసలోనే మూడు బోర్లు రాయి పడి ఎండినట్లుంది. పొద్దుపోయేదాకా కూర్చొని లెక్కలు వేసుకొని, ఈ ఏడాదికి వద్దనుకున్నాడు. వేసి ఉంటే నీళ్ళు పడేవేమో, పడేవి కావేమో, చెప్పలేను. కానీ తెలిసి ఆగినాడు. నా అద్దె డబ్బులు ముట్టినట్లే అనుకుంటున్నాను.